మెడ చుట్టూ ఏడడుగుల హోస్

ప్రశ్న: స్కూబా మొదటి కోర్సు పూర్తిచేసి ఏడాదైంది. స్నేహితుడి మాట విని రెగ్యులేటర్‌కు (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) 2.1 మీటర్ల హోస్ కొన్నాను. ఈతకొలనులో వేసుకుంటే నడుము పక్కన చుట్టగా పైకి తేలుతోంది. ఒక్క సిలిండర్‌తో దిగే నాకు ఇంత పొడవు అవసరమా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అవసరం లేదు. ఈ పొడవు హోస్ పద్ధతికి పేరు తెచ్చింది ఫ్లోరిడాలోని నీటి గుహల్లో ఈదేవాళ్లు. ఇరుకు దారిలో ఇద్దరు పక్కపక్కన పట్టరు. గాలి అయిపోయినవారు ముందు, ఇచ్చినవారు వెనక, మధ్యలో ఈ హోస్. పెళ్లిలో వేసే ఏడడుగులు కాదు, కొలత ఏడడుగులు. తెరిచిన సముద్రంలో దిగే మీకు 1.5 మీటర్లు చాలు. అది కుడి చంక కింద నుంచి వచ్చి ఛాతీ మీదుగా మెడ చుట్టి నోటికి చేరుతుంది, ఎక్కడా దోపే పని ఉండదు.

కొన్నది వాడతానంటే సరే. ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) కుడి వైపు నుంచి హోస్‌ను వీపు వెంట కిందికి దించండి. గుహల్లోవాళ్లకు కుడి నడుము దగ్గర లైటు బ్యాటరీ ఉంటుంది, దాని కిందికి దోపుతారు. మీకది లేదు, అందుకే చుట్ట తేలుతోంది. బెల్టుకున్న కత్తి ఒర కిందికో, నేరుగా బెల్టులోకో మిగులును మడిచి దోపండి. అక్కడి నుంచి ఏటవాలుగా ఎడమ భుజం, మెడ వెనక, కుడి వైపు నుంచి నోరు. అదనంగా ఉంచుకునే రెండో రెగ్యులేటర్‌కు 60 సెంటీమీటర్ల లోపు హోస్ వేసి, రబ్బరు తాడుతో గడ్డం కింద వేలాడదీయండి. ఎదుటివాళ్లకు ఇచ్చేది నోట్లోది. అది పనిచేస్తోందని మీకు అప్పటికే తెలుసు కదా.

అసలు సంగతి వేసుకునే వరుసలో ఉంది. ముందు మాస్క్, తరువాత గడ్డం కింది రెగ్యులేటర్, అన్నిటికంటే పైన పొడవు హోస్. ఒకసారి కొలనులో మూడు మీటర్ల లోతున మా తమ్ముడు గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించి గాలి లేదని సైగ చేశాడు. అభ్యాసమే. నా నోట్లోది తీసి ఇచ్చాను. రెండడుగులు సాగి ఆగిపోయింది. హోస్ వేసుకున్నాక కెమెరా పట్టీ మెడలో వేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. వాడు లాగినకొద్దీ నా తల వాడి వైపే తిరుగుతోంది. పైకి వచ్చాక వాడు నవ్వాడు, నేను నవ్వలేదు.

మీరూ కొలనులోనే బడ్డీతో, అంటే జతగా దిగేవారితో, ప్రయత్నించండి. ఇచ్చేటప్పుడు తల కాస్త వంచితే హోస్ దానంతటదే జారాలి. ఎడమ చేత్తో గడ్డం కిందిది నోట్లో పెట్టుకున్నాక, కుడి చేత్తో బెల్టులోని మడత విప్పండి. పదిసార్లు చేసినా ఎక్కడో చిక్కుకుంటుంటే దాన్ని అమ్మేసి 1.5 మీటర్లది తీసుకోండి.