మ్యాట్ మీద సందేహాలు: పహిల్వాన్ కోచ్ అయితే

ప్రశ్న: నాకు ముప్పై ఏళ్లు. కుస్తీలో రాష్ట్ర స్థాయిలో రెండుసార్లు గెలిచాను, జాతీయ పోటీలకూ వెళ్లాను. మోకాలి లిగమెంట్ తెగి ఆట మానేశాను. మాదాపూర్‌లో ఒక ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్టులు అన్నీ కలిసిన పోరాట క్రీడ) జిమ్ వాళ్లు గ్రాప్లింగ్ (పట్టుల) కోచ్‌గా రమ్మంటున్నారు. పతకాలు సరిపోతాయా, ఇంకేమైనా చదవాలా?
- ఒక పాఠకుడు, ధూల్‌పేట

జవాబు: చేరడానికి పతకాలు చాలు. రేపు ప్రభుత్వ కొలువుకు దరఖాస్తు పెట్టాలంటే మాత్రం కాగితం అడుగుతారు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, అదే అందరూ ఎన్ఐఎస్ అనేది, కోచింగ్‌లో ఏడాది డిప్లొమా ఇస్తుంది. ఏడాదిపాటు ఇల్లు వదిలి ఉండలేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. రెండింటికీ ఒకే విలువ లేదు. కోచ్ పోస్టులకు సాధారణంగా అడిగేది డిప్లొమానే. అర్హతలు, ఫీజు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి, జిమ్‌లో ఎవరో చెప్పారని నమ్మకండి.

అసలు కష్టం వేరే ఉంది. మీ చేతికొచ్చిన పట్టు మీ నోటికి రాదు. సింగిల్ లెగ్ (ఎదుటివాడి ఒక కాలు పట్టి పడేయడం) ఎలా పట్టాలని అడిగితే చాలామంది మంచి పహిల్వాన్లు 'కాలు పట్టి లాగెయ్' అంటారు. దాన్ని విడగొట్టండి: ఎదుటివాడి మోచేయి పైకి లేపడం, ముందు కాలి మోకాలు కిందికి దించుతూ దూరడం, తల లోపలి వైపు వాడి ఛాతీకి ఆనించడం, రెండు చేతులు మోకాలి వెనక కలపడం, నిటారుగా లేచి పక్కకు నడుస్తూ కూలదోయడం. ఒక్కోటి విడిగా ఐదేసి నిమిషాలు చేయించండి. ఒక క్లాసులో ఒక్క తప్పే దిద్దండి. ఐదు తప్పులు ఒకేసారి చెబితే ఒక్కటీ దిద్దుకోరు.

ఆట నుంచి కోచింగ్‌కి వచ్చి రాణించినవాళ్లు ఉన్నారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన పహిల్వాన్ సత్పాల్ ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో ఒలింపిక్ పతక విజేతలు సుశీల్ కుమార్‌నీ రవి దహియానీ తయారుచేశారు. ఎంఎంఏ ఛాంపియన్ ఖబీబ్ నుర్మగొమెదొవ్ 2020 అక్టోబరులో 29 గెలుపులతో, ఒక్క ఓటమీ లేకుండా తప్పుకున్నాడు. రెండేళ్లకు అతని సహచరుడు ఇస్లాం మఖచేవ్ ఛాంపియన్ బెల్టు గెలిచినప్పుడు ఖబీబే కోచ్‌గా వెంట ఉన్నాడు. వాళ్లకున్న వెసులుబాటు మీకు ఉండదు. వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు చిన్నప్పటినుంచీ కుస్తీ పట్టినవాళ్లు. మాదాపూర్‌లో మీ ముందు నిలబడేది సాయంత్రం ఏడింటికి ల్యాప్‌టాప్ మూసి వచ్చిన ఉద్యోగి. వాడికి మొదటి రెండు వారాలు పడటం నేర్పండి: గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో మ్యాట్‌ను కొడుతూ, చేయి చాచి ఊతం పట్టకుండా. మణికట్లు, భుజాలు పోయేది అక్కడే. పట్టులన్నీ మోకాళ్ల మీద మొదలుపెట్టించండి. అంత ఓపిక లేదనుకుంటే ఈ ఉద్యోగం ఒప్పుకోకండి.

ప్రశ్న: మా జిమ్‌కి తాలీంల (పాతకాలపు కుస్తీ శాలల) నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎవరినైనా పడేస్తారు. పడేశాక గొంతు పట్టుకు దొరికిపోతున్నారు. బలం తక్కువా అంటే కాదు. లోపం ఎక్కడుంది?
- ఒక కోచ్, బార్కస్

జవాబు: అలవాటులో ఉంది. కుస్తీలో వీపు నేలకి తగిలితే పని అయిపోయినట్టే, అందుకని కింద పడగానే బోర్లా తిరుగుతారు. అక్కడ ప్రాణం కాపాడే ఆ తిరుగుడే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. బోర్లా పడినవాడి వీపెక్కి, తొడల లోపలికి కాళ్లు దూర్చి, వెనకనుంచి మెడ చుట్టేస్తారు. జియుజిత్సులో (నేల మీది పట్టుల ఆటలో) వీపు దొరికితే 4 పాయింట్లు, పడేస్తే 2 మాత్రమే; ఏది ఎంత ప్రమాదమో ఆ లెక్కే చెబుతుంది.

రెండోది గిలటిన్ అనే మెడ పట్టు. డబుల్ లెగ్‌కి (రెండు కాళ్లూ పట్టి పడేయడానికి) దూరేటప్పుడు తల కిందికి వాలితే ఎదుటివాడు మెడ చంకలో ఇరికించుకుంటాడు. చూపు పైకి ఉండాలి, చెవి వాడి పక్కటెముకలకు అతుక్కోవాలి. ఇరుక్కున్నాక వెనక్కి లాక్కోవద్దు, ఇంకా బిగుస్తుంది. గడ్డం దించి, రెండు చేతులతో వాడి మణికట్టు పట్టి, వాడు కుడి చేత్తో చుట్టితే మీ శరీరం వాడి ఎడమ పక్కకు తీసుకెళ్లాలి.

మూడోది ఓపిక. కుస్తీలో కింద పాయింటు రాకపోతే రిఫరీ కాసేపట్లో లేపేస్తాడు, బౌటు మొత్తం మూడేసి నిమిషాల రెండు భాగాలే. ఎంఎంఏలో ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు. పడేశాకే పని మొదలు. ఖబీబ్ కేజ్ (ఎంఎంఏ ఆడే బోను) గోడ దగ్గర ఎదుటివాడి కాళ్లను తన కాళ్లతో బంధించి, ఒక మణికట్టు వీపు వెనక పట్టేసేవాడు. అది కుర్రాళ్లకు చూపించండి.

నెల రోజులు ఫుల్ స్పారింగ్ (పూర్తి స్థాయి ప్రాక్టీసు పోరు) ఆపేయండి. వీపు అప్పగించిన స్థితి నుంచే మొదలుపెట్టి రెండు నిమిషాల రౌండ్లు ఆరు. బయటపడితే మళ్లీ మొదటికి. ట్యాప్ చేయడం (ఒప్పుకున్నానని చేత్తో తట్టడం) మొదటిరోజే నేర్పండి, తాలీంలో ఆ అలవాటు లేదు కనుక పరువు పోయిందనుకుంటారు. హీల్ హుక్ (మడమ పట్టి కాలు మెలిపెట్టే పట్టు) కొత్తవాళ్లకు పూర్తిగా బంద్: నొప్పి తెలిసేసరికి మోకాలి లిగమెంట్ పోయి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, బరువు 51 కిలోలు. వారంలో 48కి రమ్మని, ప్లాస్టిక్ సూట్ వేసి పరిగెత్తించమని ఉస్తాద్ అంటున్నారు. పోటీ మే నెలలో.
- ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: వద్దు. పదిహేనేళ్లలోపు అబ్బాయిల్లో 52 కిలోల విభాగం ఉంది, అందులో ఆడించండి. వారంలో పోయే ఆ మూడు కిలోల్లో చాలాభాగం నీళ్లే. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గినా దమ్ము తగ్గుతుంది. మీవాడికి అది కిలో మాత్రమే. అమెరికాలో 1997 చివర్లో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు తగ్గించుకుంటూనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ ఆటలో ఈ సూట్లను నిషేధించారు. మే ఎండలో హైదరాబాద్‌లో ఆ సూటు వేయడమంటే వడదెబ్బను చేతులారా తెచ్చుకోవడమే.

తూకం అయ్యాక నర్సింగ్ హోమ్‌లో సెలైన్ ఎక్కిద్దామని ఎవరైనా అంటే అదీ వినకండి. చికిత్స అవసరం లేకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి ఎక్కిస్తే డోపింగ్ నిబంధనల ఉల్లంఘన, ఎక్కించమన్న కోచ్ కూడా చిక్కుల్లో పడతాడు. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ మాత్ర ఎప్పుడైనా నిషిద్ధమే. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్ రాత్రంతా కష్టపడినా 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుంది. అన్ని సౌకర్యాలున్న పెద్దవాళ్ల సంగతే అది.

ప్రశ్న: పిల్లలకు తామర, చెవి వాపు. ఏం చేయాలి?
- ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: తామరకు మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇస్తారు, నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ విస్తరిస్తుంది. చర్మ డాక్టరుకు చూపించి, ఫంగస్ మందు మొదలుపెట్టాక కనీసం మూడు రోజులు మ్యాట్‌కి దూరంగా ఉంచండి. చెప్పులు లేకుండా బాత్‌రూమ్‌కి వెళ్లి అదే కాళ్లతో మ్యాట్ ఎక్కనివ్వకండి. చెవి వాచి మెత్తగా ఉంటే లోపల రక్తం చేరినట్టు. వారం తిరగకముందే, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే, చెవి డాక్టరు దాన్ని తీసి గట్టిగా కట్టుకట్టాలి. ఇంట్లో సూదితో గుచ్చకండి, చీము పడుతుంది. ఆలస్యమైతే గడ్డకట్టి అలాగే ఉండిపోతుంది.