సందేహాలు – సమాధానాలు: పాట కట్టినవారిని ఏమనాలి?

సందేహం: అమెరికా పాప్ గాయని కేరొల్ కింగ్ మీద ఒక వ్యాసం రాశాను. ఆవిడను ‘గేయ రచయిత్రి’ అన్నాను. పత్రికవారు దాన్ని కొట్టేసి ‘ప్రముఖ వాగ్గేయకారిణి’ అని అచ్చువేశారు. త్యాగరాజస్వామికి వాడే మాట పాప్ పాటలకు తగునా? ‘కారిణి’ అనే రూపం సాధువేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీరు వాడిన ‘గేయ రచయిత్రి’ సంగతే చూద్దాం. పత్రికల్లో రోజూ నా కంట్లో నలుసులా పడేది అదే.

13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో ఈ లెక్క ఎప్పుడో తేల్చిపెట్టాడు:

వాఙ్మాతురుచ్యతే గేయం ధాతురిత్యభిధీయతే
వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః

పాటలోని మాట మాతువు. దాన్ని నడిపించే స్వరాల అల్లిక ధాతువు. వాక్కు అంటే మాతువు, గేయం అంటే ధాతువు. రెండూ తానే చేసినవాడు వాగ్గేయకారకుడు. ‘వాగ్గేయం’ అని ఒక వస్తువు లేదు, అవి రెండు. ఈ శ్లోకం ప్రకారం, మాటలు రాసి బాణీ మరొకరికి వదిలేసే మనిషిని ‘గేయ రచయిత’ అంటే ఆయన చేయని పనినే ఆయనకు అంటగట్టినట్టు. తెలుగులో గేయం అంటే పాడుకునే రచన అని రూఢి అయిపోయింది కాబట్టి తప్పు అని కొట్టెయ్యలేను. కానీ ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. (ధాతువుకు క్రియామూలం, ఖనిజం, వైద్యుల సప్తధాతువులు అనే అర్థాలతో మనకిక్కడ పని లేదు.)

ఇక మీ కేరొల్ కింగ్. 1942లో న్యూయార్క్‌లో పుట్టారు. 1959లో, పదిహేడేళ్లకే జెరీ గాఫిన్‌ను పెళ్లాడారు. ఆయన రసాయనాల సంస్థలో ఉద్యోగి. బాణీ ఆవిడది, మాట ఆయనది. ఒకసారి ఆవిడ ఒక బాణీని టేపు రికార్డరులో పెట్టి, ఆయన కోసం చీటీ రాసి ఉంచి, మాజాంగ్ ఆడటానికి వెళ్లారు. ఆయన ఇంటికొచ్చి టేపు విని మాటలు కూర్చారు. షిరెల్స్ అనే నలుగురు అమ్మాయిల బృందం పాడిన ఆ పాట 1961 జనవరిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ధాతువు టేపులో, మాతువు కాగితం మీద! మన శాస్త్రం చేసిన విభజన ఇంత స్పష్టంగా ఒక ఇంట్లో కనబడటం నాకు మహదానందం.

మరొకరి ధాతువుకు మాతువు కూర్చేవాడికి శార్ఙ్గదేవుడు వేరే పేరు కూడా పెట్టాడు, ‘కుట్టికారుడు’ అని. చెవికి మన కుట్టుపనిలా వినిపిస్తుంది. వ్యుత్పత్తి అదేనని మాత్రం అనను. బాణీ ముందే చేతికొస్తే మాటలు కూర్చే మన సినిమా కవులకూ ఆ పేరు సరిపోతుంది. ఇంత పదునైన మాటను ఎందుకు మూలన పడేశామో! అందమైన మాతువు కూర్చినా ధాతువు మందమైతే వాడు అధముడేనని కూడా ఆయన తీర్పిచ్చాడు. కవిత్వం మీద ప్రాణం పెట్టుకున్న నాకు అది మింగుడుపడదు, కానీ శాస్త్రం శాస్త్రమే.

1968లో దంపతులు విడిపోయారు. కింగ్ లాస్ ఏంజిలెస్‌కు మారి, 1971లో ‘టాపెస్ట్రీ’ ఆల్బం తెచ్చారు. అది 15 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు నాలుగు గ్రామీ సంగీత పురస్కారాలు. అందులో ‘ఆ ఏటి పాట’ బహుమతి పాట కట్టినవారికి ఇచ్చేది. దాన్ని అందుకున్న మొదటి మహిళ ఆవిడే. నేను కూర్చుని లెక్కపెట్టాను: ఆల్బంలోని 12 పాటల్లో మాట, బాణీ రెండూ పూర్తిగా ఆవిడవే అయినవి ఏడు. మూడింట గాఫిన్ చెయ్యి ఉంది, రెండింట టోనీ స్టెర్న్ అనే మరో రచయిత్రిది. ఆ ఏడింటికీ ఆవిడ నిస్సందేహంగా వాగ్గేయకారకురాలు. తక్కినవాటికి ధాతుకర్త్రి.

త్యాగరాజస్వామి పేరు ముందు పెట్టి బెదరనక్కరలేదు. భక్తి ఉండాలని ఆ శ్లోకంలో ఎక్కడా లేదు. పైగా మన పెద్దలందరి విషయంలోనూ రెండూ మన చేతికి అందాయా? అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు; దొరికినవి అందులో సగం కూడా కావు. తిరుమల రాగిరేకుల మీద పాట తలకట్టున రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన ఏ గమకం వేశాడో (స్వరాన్ని ఎలా ఊపాడో), పల్లవిని ఎక్కడ ఎత్తుకున్నాడో రేకు చెప్పదు. ఈనాడు మనం పరవశించి పాడుకునేవాటిలో ఎన్నిటికో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఈ కాలంలో బాణీ కూర్చారు. మాతువు తాళ్లపాకవారిది, ధాతువు ఇంకొకరిది. అంతమాత్రాన అన్నమయ్య వాగ్గేయకారుడు కాకుండా పోతాడా? ఆయన రెండూ చేశాడు, ఒకటే మనకు దక్కింది. రేకు చూసినప్పుడల్లా ఆ లోటు నన్ను పట్టి పీడిస్తుంది.

‘కారిణి’ సంగతి. వాగ్గేయకార శబ్దానికి కుంభకారికి మల్లే ‘వాగ్గేయకారి’ అనీ, శ్లోకంలోని కారక శబ్దానికి ‘వాగ్గేయకారిక’ అనీ స్త్రీ రూపాలు రావాలి. కానీ తెలుగువాడి చెవికి ‘కారి’ అధికారిలా మగవాడి మాట. తరిగొండ వెంగమాంబను ‘వాగ్గేయకారిణి’ అనడం ఇప్పటికే వాడుకలో ఉంది, నేను అడ్డుపడను. ‘వాగ్యేయకారిణి’ అని రాస్తే మాత్రం క్షమించను, ఈమధ్య బ్యానర్ల మీద అదే కనబడుతోంది.

అయినా మనకు ‘పాట కట్టడం’ అనే అచ్చమైన పలుకుబడి ఉండగా ఈ అవస్థ ఎందుకు? నాట్లేసేటప్పుడు ఎవరైనా పాట కడితే మాటా బాణీ ఒక్కసారే పుడతాయి. అందుకే ఆ క్రియకు రెండూ లోబడ్డాయి. మీ వ్యాసం మళ్లీ అచ్చయితే మొదట ‘పాటలు కట్టిన కేరొల్ కింగ్’ అని రాయండి. ఆ ఏడు పాటల ప్రస్తావన వచ్చిన చోట వాగ్గేయకారిణి అనండి, పత్రికవారూ సంతోషిస్తారు.