బాణాలు మొదలవక ముందే ఎవరు ఎక్కడున్నారో తెలియాలి

మీ ప్రశ్న ఇది: సినిమాల్లో మీకు బాగా నచ్చిన యుద్ధ సన్నివేశం ఏది, దాన్ని గొప్పగా చేసేది ఏమిటి? గ్రాఫిక్సా, బడ్జెట్టా, హీరోనా?

నా మొదటి ఓటు ‘నర్తనశాల’లో ఉత్తర గోగ్రహణానికి. 1963లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఇప్పుడు టీవీ సీరియల్లో కూడా అంతకంటే ఎక్కువ బాణాలు ఎగురుతాయి. అయినా నాకు అదే ముందు.

బాణాలు మొదలవక ముందు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. కౌరవ సేనను చూడగానే ఉత్తరకుమారుడికి వణుకు పుట్టి పారిపోతాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు అతన్ని పట్టుకొచ్చి సారథిగా కూర్చోబెడతాడు. జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు దించుకున్నాక, ఎదురుగా ఉన్న వాళ్లు ఎవరెవరో పద్యంలో చెప్తాడు. అది తిక్కన విరాటపర్వంలోని పద్యం, పాడింది ఘంటసాల. బంగారు వేదిక గుర్తున్న జెండా ద్రోణుడిది. సింహం తోక అశ్వత్థామది. బంగారు వృషభం కృపుడిది, శంఖం కర్ణుడిది, పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. బాగా చూసి గుర్తుపెట్టుకోమంటాడు.

ఉత్తరుడికి చెప్తున్నట్టే ఉంటుంది గానీ ఆ పాఠం మనకే. పద్యం అయ్యేసరికి ఎదుటి సేన గుంపుగా కనిపించడం ఆగిపోతుంది. అక్కడ తాత ఉన్నాడు, గురువు ఉన్నాడు, గురువు కొడుకు ఉన్నాడు, రాజ్యం లాక్కున్నవాడు ఉన్నాడు. అర్జునుడు విల్లు ఎటు తిప్పినా, అటువైపు ఉన్నవాడు అతనికి ఏమవుతాడో మనకి తెలుసు. చివర్లో సమ్మోహనాస్త్రంతో అందరినీ నిద్రపుచ్చడం కూడా అందుకే అంత బాగుంటుంది. తాతనీ గురువునీ చంపకుండా గెలవాలి మరి.

మా తాతయ్య నెల్లూరు దగ్గర పల్లెల్లో పౌరాణిక నాటకాలు వేసేవారు. ఆ స్టేజీ మీద సేన ఉండదు, జెండాలు ఉండవు. ఆయన చెయ్యి చాపి పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో కూర్చున్న పిల్లలం అందరం తల తిప్పి ఆ చీకట్లోకి చూసేవాళ్లం. యుద్ధాన్ని చూపించడం అంటే ముందు చోటు చూపించడం అని నాకు అర్థమైంది అక్కడే.

నేను చెన్నై సాలిగ్రామంలో సౌండ్ ఎఫెక్ట్స్ పని చేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన, తమిళాయన, పని అయ్యాక కూర్చోబెట్టి జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ (1954) చూపించారు. నిడివి చూసి భయపడ్డాను గానీ, సగం దాటాక కుర్చీలోంచి కదల్లేదు. ఆ సినిమాలో పల్లెటూరి రైతులు పంట దోచుకుపోయే నలభైమంది బందిపోట్ల నుంచి కాపాడమని ఏడుగురు సమురాయ్‌లను, అంటే కత్తి పట్టే జపాన్ యోధులను, తెచ్చుకుంటారు. వాళ్ల పెద్ద కాంబే ఊరి పటం పట్టుకుని నాలుగు దిక్కులా తిరుగుతాడు. ఒకవైపు కంచె కట్టాలి. ఒకవైపు వంతెన తీసెయ్యాలి. ఒకవైపు కోత అయిపోగానే పొలాల్లోకి నీళ్లు వదలాలి, గుర్రాలు దిగబడేలా. మరి ఉత్తరం వైపు? అది తెరిచే ఉంచుతాడు. శత్రువు ఎక్కడో ఒకచోట లోపలికి రావాలి, ఆ చోటేదో మనమే నిర్ణయించాలి అని అతని లెక్క.

వరి పండించే ఊళ్లో పెరిగినవాడిని కాబట్టి ఆ పొలాల్లోకి నీళ్లు వదిలే ఆలోచన నన్ను పట్టేసింది. నీళ్లు పెట్టిన మడిలో మనిషి నడవడమే కష్టం, గుర్రం సంగతి చెప్పక్కర్లేదు. కోత తొందరగా ముగించాలన్న టెన్షన్ కూడా రైతు టెన్షనే. వంతెన అవతల మూడు ఇళ్లు ఉంటాయి, వాటిని వదులుకోవాలి. ఆ ఇళ్లవాళ్లు ఎదురు తిరిగితే కాంబే కత్తి దూసి వాళ్లను వెనక్కి తెస్తాడు. బందిపోట్లు ఇంకా రానేలేదు, మనకి మాత్రం అప్పటికే గుండె దడదడలాడుతుంది.

తర్వాత చచ్చిన ప్రతి బందిపోటుకూ కాగితం మీద ఒక సున్నా కొట్టేస్తూ పోతారు. ఆఖరి యుద్ధం కుండపోత వానలో, బురదలో జరుగుతుంది. ఎవరి ఒంటి మీద ఏముందో కూడా కనపడదు. కానీ ఊరు మొత్తం మన తలలో ఉంది కాబట్టి ఒక్క క్షణం కూడా తికమక ఉండదు. ఏడుగురిలో నలుగురు పోతారు, నలుగురూ తుపాకి గుండుకే. కత్తిసాములో అందరికంటే గొప్పవాడు కూడా అలాగే పడిపోతాడు. అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

‘బాహుబలి’ మొదటి భాగంలో (2015) కాలకేయుల యుద్ధం గురించి అందరూ చెప్తారు. మౌంట్ రోడ్డు థియేటర్లో తెలుగు, తమిళం కలగలిసిన ఈలల మధ్య చూసిన నాకూ అది చాలా ఇష్టం. అక్కడ కూడా ముందు సభలో త్రిశూల వ్యూహం గురించి చెప్తారు. కాలకేయుల రాజుని చంపినవాడే రాజు అని శివగామి పందెం పెడుతుంది. మంచి ఆయుధాలు భల్లాలదేవుడి వైపు వెళ్తాయి. అంటే ఇద్దరికీ గెలుపు ఒకటే, దారులు వేరు.

ఆ యుద్ధంలో జనం ఎక్కువగా మాట్లాడుకునేది పెద్ద గుడ్డలు ఎగరేసి శత్రువుల మీద కప్పి, నిప్పు బాణాలతో తగలబెట్టే ఘట్టం. నిజంగానే అద్భుతమైన ఊహ అది. నా మనసులో నిలిచింది మాత్రం వేరే. కాలకేయులు పట్టుకున్న మామూలు జనాన్ని తమ ముందు అడ్డుగా నిలబెడతారు. భల్లాలదేవుడు ఆగడు, వాళ్లని కూడా నరుక్కుంటూ పోతాడు. బాహుబలి తాళ్లు విసిరి ఆ జనం కింద పడేలా చేసి, వాళ్లకి దెబ్బ తగలకుండా శత్రువుని కొడతాడు. ఒకే సమస్య, ఇద్దరు అన్నదమ్ములు, రెండు జవాబులు. అక్కడ డైలాగ్ అక్కర్లేదు. శత్రురాజుకి ఆఖరి దెబ్బ భల్లాలదేవుడే వేసినా సింహాసనం బాహుబలికి ఎందుకు వెళ్తుందో మనకి ముందే అర్థమైపోతుంది. యుద్ధం మధ్యలో కథ ఆగిపోయే సినిమాలు బోలెడు. ఇందులో కథ యుద్ధంలోనే తేలింది.

‘చంద్రలేఖ’ (1948)లో ఢంకాల మీద డ్యాన్సు అయ్యాక వాటిలోంచి సైనికులు బయటికొచ్చే దృశ్యం కూడా చెప్పాలి. ఎస్.ఎస్. వాసన్ జెమినీ స్టూడియోలో తీశారు. ఆ స్టూడియో ఇప్పుడు లేదు, ఫ్లైఓవర్‌కి పేరు మిగిలింది. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా అంత పెద్ద ఢంకాలు తయారుచేసిన వడ్రంగులు ఎవరో అనుకుంటాను.

ఇక నా పని గురించి. షూటింగ్‌లో వాడే కత్తులు చాలావరకు చెక్కవి, ఫైబర్‌వి. వాటికి ఖణేల్ మనే శబ్దం ఎక్కడిది? తర్వాత మేము ఇనుప ఊచలు, గొలుసులు, తోలు బెల్టులు ముందేసుకుని తయారుచేస్తాం. కత్తి, డాలు, గుర్రం, అరుపు, నిప్పు, గాలి, వీటన్నిటికీ వేరు వేరు ట్రాకులు. వాటిపైన సంగీతం. మిక్సింగ్‌లో ప్రతివాళ్లూ తమది పెంచమంటారు. అన్నీ పెరిగితే పెళ్లి ఊరేగింపులో రెండు బ్యాండ్లు ఎదురైనట్టు ఉంటుంది, ఏదీ వినపడదు. కంటికి చోటు చూపించినట్టే చెవికీ చూపించాలి. ఈ క్షణంలో ప్రేక్షకుడు ఏది వినాలి అన్నది ఎవరో ఒకరు తేల్చాలి.

‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998)లో ఒమాహా బీచ్ దాడి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న అమెరికా సైనికులు ఫ్రాన్స్ తీరంలో పడవల్లోంచి దిగే భాగం. దానికి సంగీతం లేదు. కెమెరా నీళ్లలోకి మునిగితే శబ్దం మూగబోతుంది, పైకి తేలితే మళ్లీ విరుచుకుపడుతుంది. ఒకచోట కెప్టెన్ చెవులు దిబ్బళ్లు పడతాయి. అప్పుడు మనకి కూడా ఏమీ సరిగా వినపడదు, ఎదురుగా ఉన్నవాడు నోరు కదుపుతున్నాడని మాత్రం తెలుస్తుంది. ఆ సౌండ్ డిజైన్ చేసిన గ్యారీ రైడ్‌స్ట్రామ్‌కి ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. నాకైతే ఆయన పని పాఠ్యపుస్తకం.

శబ్దం విషయంలో అన్నిటికంటే పైన పెట్టేది మళ్లీ కురొసావాదే, ‘రాన్’ (1985). ముసలి రాజు తన రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచుతాడు. పెద్దవాడి సేనకు పసుపు జెండాలు, రెండోవాడికి ఎరుపు, చిన్నవాడికి నీలం. తండ్రి తలదాచుకున్న కోట మీద పెద్దవాళ్లిద్దరి సేనలు విరుచుకుపడతాయి. ఆ దాడి మొదలయ్యాక కత్తుల శబ్దం లేదు, అరుపులు లేవు. తోరు తకెమిత్సు సంగీతం ఒక్కటే ఏడుస్తూ సాగుతుంది. మనుషులు పడిపోతుంటారు, నిప్పు అంటుకుంటుంది, మనకి ఏదీ వినపడదు. అప్పుడు ఒక్క తుపాకి పేలుతుంది. ఆ దెబ్బతో సంగీతం ఆగి యుద్ధం శబ్దమంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ గుండు ఎవరికి తగిలిందో నేను చెప్పను.

ఆ ముక్క ఒక్కటి యూట్యూబ్‌లో వెతుక్కుని చూడకండి. రాజు రాజ్యం పంచే దగ్గర్నుంచి చూడండి, ఏ రంగు జెండా ఎవరిదో తెలిశాక కోట దగ్గరికి రండి. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.