దుబాయ్‌లో మొదటి బ్రాంచ్: మాల్‌లోనా, కరామాలోనా?

హైదరాబాద్‌లో బాగా నడుస్తున్న మీ బిర్యానీ హోటల్‌కి మొదటి విదేశీ బ్రాంచ్ దుబాయ్‌లో పెడదామనుకుంటున్నారు. పెద్ద మాల్‌లో పెడితే పేరొస్తుందని ఒక పార్ట్‌నర్, మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే పాత పేట కరామాలో అయితే అద్దె తగ్గుతుందని ఇంకొకరు అంటున్నారని రాశారు. నేను కరామా అనే అంటాను, అయితే అద్దె కోసం మాత్రం కాదు.

దుబాయ్‌లో ఒక దక్షిణాది హోటల్ గ్రూపులో చాలాకాలం ఆపరేషన్స్ చూశాను. కొత్త బ్రాంచీలకు షాపులు వెతకడం కూడా నా పనిలో భాగమే. మీ వంట ఆ ఊళ్లో ఎవరికి ముందే తెలుసు అన్నది తేలితే, చోటు సగం తేలినట్టే.

1971లో మెక్‌డొనాల్డ్స్ జపాన్ వెళ్లినప్పుడు అక్కడి భాగస్వామి డెన్ ఫుజితా పట్టుబట్టి మొదటి షాపును టోక్యోలోని గింజాలో, మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పెట్టించాడు. జపాన్ వాళ్లకు హాంబర్గర్ కొత్త. కొత్త తిండి నలుగురూ గొప్పగా చూసే వీధిలో కనిపిస్తేనే జనం ధైర్యం చేసి తింటారు. ఫిలిప్పీన్స్ చెయిన్ జాలిబీ లెక్క వేరు. 1998లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన ఫిలిప్పినోలు ఎక్కువగా ఉండే డేలీ సిటీని ఎంచుకుంది. న్యూయార్క్ మాన్‌హటన్‌కి చేరింది చాలా ఏళ్ల తర్వాత. అలవాటైన రుచి కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి వాళ్ల మధ్యకే వెళ్లింది. శరవణ భవన్ కూడా 2000లో దేశం దాటినప్పుడు మొదట దుబాయ్‌కే వచ్చింది.

మీది జాలిబీ దారే. బిర్యానీ అంటే ఏమిటో దుబాయ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కష్టం కూడా అక్కడే ఉంది. కరామాలో మీ పక్కనే మలబార్ బిర్యానీ, ఎదురుగా పాకిస్తానీ బిర్యానీ ఉంటాయి, రెండూ చవక. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు మొదటి ముద్దకే తేడా పట్టేస్తారు, మిర్చీ కా సాలన్ పలచగా ఉన్నా మొహం మీదే చెప్తారు. మొదటి బ్రాంచికి ఇలాంటి కస్టమర్లే కావాలండీ. మాల్‌లో తినేవాళ్లలో టూరిస్టులు ఎక్కువ. వాళ్లకు నచ్చకపోతే మళ్లీ రారంతే, ఎందుకు నచ్చలేదో మీకు తెలియనే తెలియదు. పైగా మాల్ వాళ్లు చెప్పిన టైముకు తెరవాలి, చెప్పిన టైముకే మూయాలి. చాలాచోట్ల అద్దెతో పాటు అమ్మకాల్లో వాటా కూడా అడుగుతారు. కొత్త దేశంలో వంటవాళ్లు ఇంకా కుదురుకోకముందే ఆ ఒత్తిడి వద్దు.

కరామా అన్నాను కదా అని ఏ సందైనా పర్లేదనుకోకండి. ఏజెంట్ షాపును వీకెండ్ సాయంత్రమే చూపిస్తాడు, అప్పుడు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. మీరు మంగళవారం రాత్రి ఒక్కరే వెళ్లి కూర్చోండి. మేము అలాగే చేసేవాళ్లం. చుట్టుపక్కల హోటళ్లలో ఎవరు తింటున్నారు, కుటుంబాలా, రూముల్లో ఉండే బ్యాచిలర్సా, పార్సిల్ ఎంత, డెలివరీ బైకులు ఎక్కడ ఆగుతున్నాయి అని చూసేవాళ్లం. జూలై, ఆగస్టు ఎండల్లో జనం రెండు వీధులు నడవరు. కాబట్టి పార్కింగ్ దొరక్కపోతే కుటుంబాలు మీ దాకా రావు. అల్ నహ్దా కూడా చూడమంటాను. దుబాయ్‌లోనే, షార్జా సరిహద్దు పక్కన ఉంటుంది, మనవాళ్ల కుటుంబాలూ ఉన్నాయి. కానీ మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు జనం కావాలంటే కరామా, బర్ దుబాయ్ వైపే బలం.

ఇక అందరూ ఆఖరికి వదిలేసేది, నేను మొట్టమొదట అడిగేది: పొగ ఎక్కడికి పోతుంది? బిర్యానీ దేగ్చాలకు గట్టి ఎగ్జాస్ట్ కావాలి. దాని డక్ట్, అంటే పొగ గొట్టం, బిల్డింగ్ పైకప్పు దాకా వెళ్లాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ఒకాయన కార్నర్ షాపు అందానికి పడిపోయి, పాత అద్దెదారుకు కీ మనీ (షాపు ఖాళీ చేసి ఇచ్చినందుకు ఇచ్చే డబ్బు) కూడా కట్టి తాళాలు తీసుకున్నాడు. పై అంతస్తుల వాళ్లు వాసన అంటూ ఫిర్యాదు చేస్తారని ఓనర్ డక్ట్‌కి ససేమిరా అన్నాడు. ఆ షాపు చివరికి జ్యూస్ సెంటర్ అయింది. కిచెన్ ప్లాన్‌కి దుబాయ్ మునిసిపాలిటీ అనుమతి కావాలి, సివిల్ డిఫెన్స్ వాళ్లు ఫైర్ ఏర్పాట్లు చూస్తారు, గ్రీజ్ ట్రాప్‌కి (మురుగు నీళ్లలో నూనె, జిడ్డు ఆపే తొట్టి) చోటుండాలి, కరెంటు లోడ్ సరిపోవాలి. వీటిలో ఒక్కటి ఆగినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అద్దెకు రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులు అప్పటికే ఇచ్చేసి ఉంటారు.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే లోకల్ కిచెన్ కాంట్రాక్టర్‌ని షాపుకి తీసుకెళ్లండి. డక్ట్‌కి ఓనర్ ఒప్పుకోలు రాతలో తీసుకోండి. ఫిట్-అవుట్ (షాపు లోపలి పనులు) అయ్యేదాకా అద్దె లేకుండా కొన్ని నెలలు అడగండి, గట్టిగా అడిగితే చాలామంది ఇస్తారు. రంజాన్‌కి సరిగ్గా ముందు ఓపెనింగ్ పెట్టుకోకండి. ఆ నెలలో తినే వేళలన్నీ మారిపోతాయి, మామూలు రోజుల అమ్మకం ఎంతో మీకు అర్థం కాదు. మీరు చూసిన షాపులు ఏ వీధుల్లో ఉన్నాయో, కిచెన్‌కి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో ఇక్కడే రాయండి, వాటి గురించి నాకు తెలిసింది చెప్తాను.