పుణే వెళ్తూ వైజాగ్ ఫ్లాట్ అద్దెకిస్తే పన్ను ఎలా పడుతుంది?

మీరు అడిగింది: ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాటు, దాని మీద బ్యాంకు లోను. కంపెనీ రెండేళ్లు పుణే పంపుతోంది, తర్వాత సింగపూర్ వెళ్లే అవకాశమూ ఉంది. ఈలోగా ఫ్లాటు అద్దెకిస్తే పన్ను ఎంత, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పన్ను అద్దె మొత్తం మీద పడదు. నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3,00,000 వచ్చిందనుకోండి. అందులోంచి మీరు జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకు, కట్టిన ఇంటి పన్ను, ఉదాహరణకు 8,000, తీసేస్తే 2,92,000. దీని మీద 30 శాతం, అంటే 87,600, రిపేర్లు చేయించినా చేయించకపోయినా తగ్గుతుంది. మిగిలిన 2,04,400లోంచి లోను వడ్డీ పోతుంది. పెయింటింగు, ప్లంబింగు బిల్లులు ఎన్ని దాచినా విడిగా మినహాయింపు లేదు, అవన్నీ ఆ 30 శాతంలోనే సరి.

ఇంటి పన్ను విషయంలోనే చాలామంది నష్టపోతారు. అది మీరు కట్టాలి, అదే ఆర్థిక సంవత్సరంలో, అంటే మార్చి 31లోపు, కట్టి ఉండాలి. అద్దెకున్నవాళ్లు కట్టినా, బకాయి పెట్టి వచ్చే ఏడాది కట్టినా ఈ ఏడాది లెక్కలో రాదు. ఆన్‌లైన్లో కట్టి రసీదు దాచుకోండి.

అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ కూడా అంతే. అద్దెలో కలిపి తీసుకుని మీరు అసోసియేషన్‌కి కడితే, ఆ డబ్బుకూ పన్ను పడే ప్రమాదం ఉంది. అగ్రిమెంటులో అద్దె వేరుగా, మెయింటెనెన్స్ వేరుగా రాసి, మెయింటెనెన్స్ వాళ్లే నేరుగా అసోసియేషన్‌కి కట్టేలా పెట్టుకోండి. తిరిగిచ్చే అడ్వాన్సు ఆదాయం కాదు.

ఇక అసలు నిర్ణయం: ఆదాయపు పన్ను లెక్కకు పాత విధానమా, కొత్త విధానమా? పై లెక్కలో వడ్డీ 3,20,000 అయితే 1,15,600 నష్టం వస్తుంది. పాత విధానంలో ఏడాదికి 2,00,000 వరకు ఇలాంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో వడ్డీ అద్దె ఆదాయాన్ని సున్నా వరకే తేగలదు, మిగిలింది జీతానికి పనికిరాదు. పైగా పుణేలో మీరు కట్టే అద్దెకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పాత విధానంలోనే ఉంది. వైజాగ్‌లో సొంత ఇల్లు అద్దెకిచ్చినా హెచ్‌ఆర్‌ఏ తీసుకోవచ్చు, ఒకటి ఇంకోదానికి అడ్డు కాదు. అయినా కొత్త విధానంలో స్లాబు రేట్లు తక్కువ కాబట్టి, రెండు లెక్కలూ వేసి చూడకుండా ఏదీ ఎంచుకోవద్దు.

ఏడాది మధ్యలో ఖాళీ చేసి అద్దెకిస్తే ఓ చిక్కుంది. ఆరు నెలలు మీరుండి, ఆరు నెలలు అద్దెకిచ్చి 1,50,000 తీసుకున్నారనుకోండి. ఆ ఏడాది ఆ ఇంటికి ‘సొంతంగా ఉంటున్న ఇల్లు’ అనే రాయితీ పోతుంది. ఏడాది మొత్తానికి ఆ ఇంటికి న్యాయంగా రాదగ్గ అద్దెనీ, నిజంగా వచ్చిన అద్దెనీ పోల్చి, ఎక్కువైనదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మీరున్న నెలలు ఖాళీగా ఉన్న నెలల కిందకు రావు. టు-లెట్ బోర్డు పెట్టినా ఎవరూ రాక ఖాళీగా ఉన్న నెలలకైతే ఊరట ఉంది. వెళ్లే తేదీ మీ చేతిలో ఉంటే, ఏప్రిల్ నుంచి అద్దెకివ్వడం మేలు.

అద్దె నెలకు 50,000 దాటితేనే మామూలు అద్దెదారు 2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, కాబట్టి 25,000 అద్దెకు అది వర్తించదు. సింగపూర్ వెళ్లి పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ (భారత్‌లో నివాసి కానివారు) అయ్యారంటే కథ మారుతుంది. అప్పుడు అద్దె ఎంత తక్కువైనా అద్దెదారు టీడీఎస్ కోయాలి. రేటు 30 శాతం, దాని మీద సెస్సు, అంటే కనీసం 31.2 శాతం. వాళ్లు టాన్ నంబరు (టీడీఎస్ కోసేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి. ఈ తలనొప్పికి చాలామంది ఇల్లే వద్దంటారు. ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ రేటు సర్టిఫికెట్ తెచ్చి అద్దెదారు చేతికిస్తే కోత తగ్గుతుంది, లేదంటే రిటర్ను వేసి రీఫండ్ కోసం ఆగాలి. ఉద్యోగం మీద సెప్టెంబరు నెలాఖరు దాటాక విమానం ఎక్కితే, సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరానికి మీరు రెసిడెంటే.

ఇల్లు భార్యాభర్తల పేరున ఉంటే ఆదాయమూ వడ్డీ వాటాల ప్రకారం ఇద్దరి రిటర్నుల్లోనూ చూపించాలి. కుటుంబాలకు నివాసానికిస్తే జీఎస్టీ బాధ లేదు.

వడ్డీ పోగా అద్దె ఆదాయం మిగిలితే, ఆ సంగతి ఏప్రిల్‌లోనే కంపెనీకి చెప్పి జీతంలోంచే ఆ పన్ను కోయించుకోండి. లేకపోతే, టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 లేదా అంతకంటే ఎక్కువైతే, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లోపు ముందస్తు పన్ను మీరే కట్టుకోవాలి. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది.