ఉప్పెన తర్వాత నాంచారు

చిరంజీవి అమ్మాయికి,

నీ నవల రాతప్రతి చదివాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను బాగా రాశావు. చెట్టు కొమ్మను కరుచుకున్న పదేళ్ల నాంచారు చేతిలోంచి తమ్ముడి చెయ్యి జారిపోయిన చోట చాలాసేపు ఆగిపోయాను. నా పేచీ అంతా ఆ తర్వాతి పేజీలతోనే.

నాంచారు టీచరు ఒళ్లో తలపెట్టి భోరుమని, జరిగిందంతా చెప్పేస్తుంది. మర్నాటినుంచి మామూలు పిల్ల. అంత తొందరగా తీరేది కాదమ్మా అది. అసలు ఆ పిల్ల దగ్గర వరసగా చెప్పే కథే ఉండకపోవచ్చు. తాటాకుల మీద గాలి చప్పుడు, బురద వాసన, ఒంటికి అంటుకున్న తడి గౌను... ఇలా ముక్కలుగా వస్తుంది జ్ఞాపకం. వెంటనే గుండెదడ, పరుగు. ఎందుకో తనకే తెలియదు.

పిల్లల భయం ఆటలో బయటపడుతుంది. ఇసుకలో ఇల్లు కట్టి, చెంబుడు నీళ్లు పోసి కూల్చి, మళ్లీ కట్టనీ. రోజూ అదే ఆట, మొహంలో నవ్వుండదు. ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలవనీ. మబ్బు పడితే బడికి వెళ్లదు. పెద్దవాళ్లు దడుచుకుందని తాయెత్తు కట్టిస్తారు. వాళ్లని మూర్ఖుల్లా చూపించకు, వాళ్లూ మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లే. డాక్టరు నోట 'పీటీఎస్‌డీ' (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు) అనిపించావు, తీసెయ్. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలోకి ఆ పేరు ఎక్కిందే 1980లో.

కోలుకోవడానికి వేళకి అన్నం, బడి గంట, రాత్రి పక్కన పడుకునే మేనత్త కావాలి. "మర్చిపోవే" అనే మేనత్త వద్దు. ఆ రోజు పెద్దవాళ్ల చేతులు కూడా జారిపోయాయని ఆమె చెప్పాలి. నాంచారు విన్నా వెంటనే నమ్మకూడదు. తమ్ముణ్ణి తానే వదిలేశానన్న బాధ అంత తేలిగ్గా పోదు.

దివిసీమలో నాగాయలంక వైపు వెళ్లు. అప్పటి పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఉప్పెన గురించి కాకుండా, ఆ తర్వాతి ఏడాది ఎలా గడిచిందో అడుగు. ఎవరైనా మాట ఆపేస్తే నువ్వూ నోటుబుక్కు మూసెయ్.

ఇంకొకటి. 1978 నవంబరు నీ నవలలో లేనే లేదు. తమ్ముడి సంవత్సరీకం, అదే చలిగాలి. హాయిగా నిద్రపోతున్న పిల్లకు మళ్లీ పీడకలలు వస్తాయి. ఈసారి అవి త్వరగా తగ్గుతాయి, కోలుకుంటోందని పాఠకుడికి అక్కడ తెలుస్తుంది. ముందు ఆ అధ్యాయం రాసి పంపు. భాష సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.