తండ్రీకొడుకుల క్రికెట్ కబుర్లలో నాకు చోటు లేదు

ప్రశ్న: మావారికీ, 12 ఏళ్ల మా బాబుకీ క్రికెట్ పిచ్చి. మ్యాచ్ ఉన్నా లేకపోయినా ఇంట్లో అవే కబుర్లు. మధ్యలో నేనేదైనా అడిగితే మావారు ‘నీకర్థం కాదులే’ అంటారు. ఈమధ్య బాబు కూడా అదే మాట అంటున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. త్వరగా క్రికెట్ నేర్చుకునే మార్గం చెప్పండి.

జవాబు: ఆటదేముందండీ, ఇష్టముంటే నేర్చుకోండి. టీ20లో, అంటే జట్టుకు 20 ఓవర్ల ఆటలో, మొదటి 6 ఓవర్లు పవర్‌ప్లే, అప్పుడు సర్కిల్ (మైదానంలో పిచ్ చుట్టూ గీసే గీత) బయట ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉండకూడదు. లెగ్ స్టంప్ (బ్యాటర్ కాళ్ల వైపున్న స్టంప్) అవతల నేలను తాకిన బంతికి ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డుపడితే ఇచ్చే అవుట్) ఇవ్వరు. కొన్ని మ్యాచ్‌లు శ్రద్ధగా చూస్తే మిగతావీ తెలుస్తాయి. కానీ ఇవన్నీ వచ్చేశాక మీవారు ఆ మాట మానేస్తారని నాకు నమ్మకం లేదు. క్రికెట్ కాకపోతే బ్యాంకు పనో, రాజకీయాలో దొరుకుతాయి.

బాబు మీద కోపం పెట్టుకోకండి. వాడు తండ్రి మాటే అప్పజెబుతున్నాడు. అమ్మను చులకన చేస్తే నాన్న నవ్వుతాడని వాడికి తెలిసిపోయింది. నన్ను భయపెట్టేది అదే. ఇంట్లో తల్లిని తీసిపారేసే పిల్లాడు రేపు భార్యతో ఎలా ఉంటాడు? భార్యకు మర్యాద ఇవ్వడం మొగుడి బాధ్యత, పిల్లల ముందైతే మరీనూ. ఇందులో సర్దుకుపొమ్మని నేను చెప్పను.

కాబట్టి మాట్లాడాల్సింది మీవారితో. మ్యాచ్ నడుస్తున్నప్పుడు వద్దు, బాబు ఎదురుగా అసలే వద్దు. నిష్ఠూరాలు లేకుండా సూటిగా చెప్పండి: ‘మీరు నన్ను అన్న మాటే వాడు నేర్చుకున్నాడు. నాకు చాలా బాధగా ఉంది. ఈసారి వాడు అంటే నవ్వకండి, మీరే మందలించండి.’ అత్తగారినో, మీ పుట్టింటివాళ్లనో మధ్యలోకి తేకండి. ఆయనకు పంతం పెరుగుతుంది.

ఆడవాళ్లకు క్రికెట్ ఏం తెలుసని ఆయన అంటే ఒక్క సంగతి చెప్పండి. మొదటి మహిళల ప్రపంచ కప్ 1973లో జరిగింది, మగవాళ్లది 1975లో. మన అమ్మాయిలు 2025లో వన్డే ప్రపంచ కప్ గెలిచారు కూడా.

బాబు మళ్లీ ఆ మాట అంటే గది వదిలి వెళ్లిపోకండి. ‘అడిగినదానికి జవాబు చెప్పు నాన్నా’ అని అక్కడే కూర్చోండి. వాడు చెబుతాడు. ఆ వయసు పిల్లలకు తెలిసింది చెప్పడమంటే మహా సరదా.